నేరుగా దిగితే రోడ్డే కదా: ట్రైల్ వదిలిన ఇద్దరి కేసు

సియాటెల్ నుంచి ఐ-90 హైవే మీద తూర్పుకి బయల్దేరితే ముప్పావు గంటలో క్యాస్కేడ్ కొండలు మొదలవుతాయి. బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్‌లలో ఉండే తెలుగువాళ్లలో వీకెండ్‌కి రాటిల్‌స్నేక్ లెడ్జో, మౌంట్ సైయో, ఇంకా ఓపికుంటే మెయిల్‌బాక్స్ పీకో ఎక్కనివాళ్లు తక్కువ. వాషింగ్టన్ రాష్ట్రంలో కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికే బాధ్యత చట్టప్రకారం కౌంటీ షెరీఫ్‌ది, అంటే మన జిల్లా లాంటి ప్రాంతానికి పోలీసు అధికారిది. నిజంగా లైట్లు పట్టుకుని కొండెక్కేది మాత్రం ఎక్కువగా వాలంటీర్లే. వాళ్లలో నేనొకణ్ణి. పగలు ఉద్యోగం వేరే.

ఈ కేసులో ఎవరూ చనిపోలేదు, ఎవరూ పెద్ద సాహసమూ చేయలేదు. అయినా రాస్తున్నాను. ట్రైల్, అంటే కొండ మీది కాలిబాట, వదలడం ఎంత ప్రమాదమో అందరూ చెబుతారు. వదిలాక పది నిమిషాలకు తీసుకునే నిర్ణయం గురించి, ఆ తర్వాత మనవాళ్లు రెస్క్యూ టీమ్‌కి చెప్పకుండా దాచే విషయాల గురించి ఎవరూ మాట్లాడరు. మనుషులు గుర్తుపట్టేలా ఉండకూడదని కొండ పేరు చెప్పడం లేదు. వయసులు, చిన్న వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆరుగురు స్నేహితులు, బంధువులు. అక్టోబర్ చివరి శనివారం. కొండ ఎత్తు సుమారు మూడు వేల అడుగులు ఎక్కాలి, పైకి నాలుగు మైళ్లు. ఎక్కడం మొదలుపెట్టింది పదకొండున్నరకి. ఆ నెలాఖరులో ఇక్కడ సాయంత్రం ఆరుకల్లా పొద్దు గూకుతుంది. దట్టమైన డగ్లస్ ఫర్, హెమ్లాక్ చెట్ల కింద అంతకు అరగంట ముందే చీకటి. ఈ లెక్క ఆరుగురిలో ఎవరూ వేసుకోలేదు.

కథ నడిచేది ఇద్దరి చుట్టూ. ఒకాయన ముప్పైల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. రెండోవాడు ఆయన భార్య తమ్ముడు, ఎమ్మెస్ చదువుతున్న కుర్రాడు. వీళ్లను బావ, బావమరిది అనే పిలుస్తాను. బావకి కొండలు కొత్త కాదని ఇంట్లో నమ్మకం. అలిపిరి నుంచి తిరుమల మెట్లు చాలాసార్లు ఎక్కాడు. 3,550 మెట్లు ఆగకుండా ఎక్కగలిగినవాడికి కాళ్లలో సత్తువ ఉందనడంలో సందేహం లేదు. కానీ అక్కడ దారి ఎటు అన్న ప్రశ్నే రాదు. మెట్లు ఎటు పోతే అటే. కాళ్ల బలాన్ని దారి తెలియడంగా పొరబడటం నేను చాలామందిలో చూశాను, మనవాళ్లలోనే కాదు.

సంచిలో ఏముంది? పులిహోర డబ్బా, చిప్స్, సెల్ఫీ స్టిక్, ఒక స్టీలు నీళ్ల సీసా. హెడ్‌ల్యాంప్ లేదు, విజిల్ లేదు, వానకోటు లేదు. బావమరిది వేసుకున్నది కాటన్ హుడీ.

ట్రైల్ ఎలా వదిలారు

ఏటవాలు ఎక్కువగా ఉన్నచోట ట్రైల్ నేరుగా పోదు, అటూ ఇటూ మెలికలు తిరుగుతూ దిగుతుంది. ఘాట్ రోడ్డులో హెయిర్‌పిన్ మలుపుల్లాగే. వీటినే ఇక్కడ స్విచ్‌బ్యాక్‌లు అంటారు. ఒక మలుపు మూల దగ్గర నిలబడితే కింది మెలిక చెట్ల మధ్య నుంచి కనిపిస్తుంది. పదిహేను ఇరవై మీటర్ల కింద ఉన్నదాని కోసం మూడు వందల మీటర్లు నడవడమెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. అంతకు ముందు అలా దిగినవాళ్ల అడుగులతో అక్కడ ఒక అడ్డదారి కూడా పడి ఉంటుంది.

దిగేటప్పుడు ఈ ఇద్దరూ ముందు నడుస్తున్నారు. మొదటి అడ్డదారి పట్టారు, కింద ట్రైల్ దొరికింది. రెండోది పట్టారు, మళ్లీ దొరికింది. వెనకున్న స్నేహితులు పైనుంచి చూసి నవ్వుకున్నారు కూడా. ఈ కేసులో నేను మొదట గుర్తించింది ఇదే. మొదటి రెండుసార్లు దెబ్బ తగిలి ఉంటే మూడోసారి దిగేవారు కాదు. అదృష్టం రెండుసార్లు కలిసొస్తే అది నేర్పుగా కనిపిస్తుంది.

మూడో మూల వేరు. అక్కడి నుంచి ట్రైల్ గట్టు చుట్టూ తూర్పుకి చాలా దూరం పోయి అప్పుడు దిగుతుంది. కింద దారిలా చదునుగా కనిపించింది ట్రైల్ కాదు, వెనకటి రోజుల్లో దుంగలు లాగడానికి వేసిన లాగింగ్ రోడ్డు. ఈ కొండల్లో అలాంటివి బోలెడు. ఇప్పుడు వాటి మీద ఆల్డర్ చెట్లు, ఫెర్న్‌లు మొలిచి ఉంటాయి. వాళ్లు దిగి దాన్నే ట్రైల్ అనుకుని పడమటికి నడిచారు. నేల మీద అడుగుజాడలేవీ లేవని గమనించామని తర్వాత బావే చెప్పాడు. గమనించి కూడా నడిచారు. చివరికి ఆ రోడ్డు ఒక వాగు దగ్గర కోసుకుపోయి ఆగిపోయింది.

అప్పుడు టైం ఐదూ ఇరవై. వెనక్కి వెళ్లాలంటే వచ్చిన దారినే నడిచి, సుమారు ఎనభై మీటర్ల ఎత్తు పాక్కుంటూ ఎక్కాలి. ముందు చూస్తే వాగు, దాని కింద ఎక్కడో హైవే మీద కార్ల చప్పుడు. "బావా, నేరుగా దిగితే రోడ్డే కదా" అన్నాడు కుర్రాడు. వాగు పట్టుకుని పోతే ఊరొస్తుందని బావ కూడా అనుకున్నాడు. గోదావరి జిల్లాల్లో కాలువ గట్టు పట్టుకుని పోతే నిజంగానే ఊరొస్తుంది. క్యాస్కేడ్ కొండల్లో వాగు పట్టుకుంటే జలపాతం వస్తుంది. నీళ్లు కొండని ఎక్కువగా కోసేది నిటారుగా ఉన్నచోటే. పైనుంచి చూస్తే బండ అంచు కనబడదు, నీళ్లు మాయమైనట్టు మాత్రమే కనిపిస్తాయి.

అలసిపోయినవాడికి ఎక్కడం ఖర్చుగా, దిగడం ఊరికే వచ్చేదిగా అనిపిస్తుంది. కానీ పాకుడు పట్టిన బండ మీద జారుకుంటూ దిగినచోట నుంచి తిరిగి ఎక్కడం చాలాసార్లు కుదరదు. వీళ్లకీ అదే అయింది. రెండు చిన్న బండలు దిగారు. మూడోదాని మీద బావమరిది జారాడు. నాలుగైదు మీటర్లు పడి, ఒక అరుగులాంటి చోట ఆగాడు. కుడి చీలమండ మెలిపడింది. బావ చెట్టువేళ్లు పట్టుకుని అతని దగ్గరికి దిగాడు. అక్కడి నుంచి పైకి ఎక్కలేరు. కింద పన్నెండు మీటర్ల జలపాతం. సన్నగా వాన మొదలైంది, ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు.

మాకు వచ్చిన సమస్య

అత్యవసర సాయం నంబరు 911కి ఫోన్ వచ్చింది ఏడూ నలభైకి, అది కూడా పార్కింగ్‌లో ఉన్న స్నేహితుడి నుంచి. "ఇద్దరు ట్రైల్ మీదే ఉన్నారు. లైట్ లేదు, మెల్లగా దిగుతున్నారు, కాస్త సాయం కావాలి." ఇదీ మాకు అందిన సమాచారం.

అసలు జరిగింది వేరు. ఆరూ ఇరవై ఐదుకి బావ ఫోన్ చేసింది 911కి కాదు, భార్యకి. అప్పటికి ఫోన్‌లో ఇరవై శాతం చార్జింగ్ ఉంది. తర్వాత వీడియో కాల్ పెట్టి చుట్టూ చూపించాడు. చీకట్లో ఆమెకి ఏమీ కనబడలేదు. స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేశారు. ఇద్దరు స్నేహితులు ఫోన్ లైట్లతో మళ్లీ కొంత దూరం ఎక్కి, భయపడి దిగొచ్చారు. ఏడుంబావుకి బావ ఫోన్ ఆగిపోయింది. కుర్రాడి ఫోన్ అంతకు ముందే నీళ్లలో తడిసి పోయింది.

ఆ ఇరవై శాతంతో ఒక్క కాల్ 911కి చేసి ఉంటే కేసు అక్కడే సగం తీరిపోయేది. 911 కాల్‌తో పాటు ఫోన్ ఉన్నచోటు కూడా ఆ కాల్ అందుకునే డిస్పాచర్‌కి చేరే ఏర్పాటు ఉంది, చాలాసార్లు అది కొన్ని పదుల మీటర్ల తేడాతో సరిపోతుంది. మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా దగ్గర్లో ఏ కంపెనీ టవర్ దొరికితే దాని మీదుగా ఆ కాల్ వెళ్తుంది. భార్యకి చేసిన కాల్‌కి ఇవేవీ వర్తించవు.

మొదటి ప్రయత్నాలు, ఎందుకు ఫలించలేదు

ట్రైల్ మీద ఉన్నారంటే చేయాల్సిన పని తేలిక. ముగ్గురు చురుకైనవాళ్లని తక్కువ బరువుతో వేగంగా పైకి పంపాలి. గంటలోపే ఎదురవుతారని అనుకున్నాం. కింద ట్రైల్ మొదట్లో ఇద్దరు కాపలా. ఉన్న సమాచారానికి అదే సరైన ప్లాన్.

పదిన్నరకల్లా ఆ ముగ్గురూ స్నేహితులు వాళ్లని చివరిసారి చూసిన చోటు దాటి పైకి వెళ్లారు. ఎవరూ లేరు. దానికంటే ముఖ్యమైన సంగతి, ఎనిమిదిన్నరకి హెడ్‌ల్యాంప్‌లతో పరిగెత్తుకుంటూ దిగిన ఇద్దరు రన్నర్లు దారిలో ఎవరూ ఎదురవలేదని షెరీఫ్ కింద పనిచేసే డెప్యూటీతో అన్నారు. ట్రైల్ మీదున్న మనుషులు ట్రైల్ మీద వెళ్లే రన్నర్లకి కనబడకుండా పోరు. అంటే మాకు చెప్పిన మాటలో ఏదో తేడా ఉంది.

షెరీఫ్ ఆఫీసు అత్యవసర పరిస్థితి అని ఫోన్ కంపెనీని అడిగి టవర్ సమాచారం తెప్పించింది. ఆఖరిసారి ఫోన్ ఏ టవర్‌తో, ఏ దిక్కున, సుమారు ఎంత దూరంలో మాట్లాడిందో తెలిసింది. మ్యాప్ మీద గీస్తే అది కొండ పడమటి ముఖం సగం మీదుగా పోయే ఒక వంపు గీత. రాత్రిపూట, వానలో, ఆ ఏటవాలులో అంత మేర గాలించడం కుదిరే పని కాదు. హెలికాప్టర్ మాట వచ్చింది కానీ మబ్బు కొండ నడుం దాకా దిగి ఉంది. పైగా ఆ చెట్ల కింద మనిషిని పైనుంచి చూడటం పగలే కష్టం.

మలుపు: కారులో పావుగంట మాటలు

నన్ను బావ భార్య దగ్గరికి పంపారు. ఆమెకి ఇంగ్లిష్ రాక కాదు, ఆమె కూడా ఇంజనీరే. అప్పటిదాకా ప్రతి ప్రశ్నకీ పక్కనున్న స్నేహితుడే జవాబు చెబుతున్నాడు. అందుకని ఆమెని ఒక్కదాన్నే హీటర్ వేసిన కారులో కూర్చోబెట్టి తెలుగులో మాట్లాడాను. ప్రశ్నలకంటే ముందు మూడు మాటలు చెప్పాను. ఈ రాష్ట్రంలో వెతికినందుకు బిల్లు వేయరు. మేం ఎవరి వీసా గురించీ అడగం. ఫైన్ రాయడానికి ఎవరూ రాలేదు. "మీ ఆయన ఎక్కడ తప్పు చేశారన్నది నాకక్కర్లేదమ్మా, ఎక్కడ దిగారన్నదే కావాలి" అన్నాను.

ఆమె ఏడ్చేసింది. "షార్ట్‌కట్‌లో దిగారండీ. ఎవరికీ చెప్పొద్దన్నారు. హెచ్-1బీ రెన్యువల్ ఉంది, పోలీసు రికార్డు అవుతుందేమోనని."

స్నేహితుడికీ తెలుసు. ఆయన అబద్ధం చెప్పాలని చెప్పలేదు, పరువు కాపాడుతున్నాననుకున్నాడు. బిల్లు భయం పూర్తిగా గాలిలోంచి పుట్టిందీ కాదు. న్యూ హాంప్‌షైర్‌లో నిర్లక్ష్యంగా వెళ్లి చిక్కుకున్నవాళ్ల నుంచి ఖర్చు వసూలు చేసే చట్టం ఉంది. అలాంటి ఒక వార్త వాట్సాప్‌లో చదివితే దేశమంతా అంతేననుకుంటారు.

ఇంటర్వ్యూలో "ఎక్కడున్నారు" అని అడిగితే లాభం లేదు, తెలిస్తే చెప్పేవారే. ఫోన్‌లో విన్నది విన్నట్టు, వరసగా చెప్పించాలి. "మాట మాటకీ 'ఏంటీ, ఏంటీ' అన్నారండీ, వెనక ఒకటే నీళ్ల హోరు." పై సగంలో ట్రైల్ ఏ వాగునీ తాకదు. కాబట్టి ట్రైల్‌కి దూరంగానే ఉన్నారు. ఇంకేమన్నారు? "ముందు రోడ్డు దొరికిందన్నారు. గడ్డి మొలిచిన రోడ్డట. తర్వాత అది తెగిపోయిందన్నారు."

గడ్డి మొలిచిన రోడ్డు అన్న మాటతో చాలా తేలిపోయింది. పాత మ్యాపులో ఆ ముఖం మీద ట్రైల్‌కి దగ్గరగా ఉన్న లాగింగ్ రోడ్డు ఒక్కటే. అది పడమటి వాగు దగ్గర ఆగుతుంది. టవర్ గీసిన వంపు గీత దాన్ని కోసేది సరిగ్గా ఆ చివరి దగ్గరే.

ఏ దారిన వెళ్లాలి

వాగు కింది కొస హైవేకి దగ్గర, అక్కడి నుంచి ఎక్కితే దూరం తక్కువ. కానీ మధ్యలో మూడు జలపాతాలు, రాత్రి, తడి బండలు. పైనుంచి వాళ్ల అడుగుల్లోనే దిగితే దూరం ఎక్కువ, కానీ ప్రతి పది అడుగులకీ మనం సరైనచోటే ఉన్నామని జాడలు చెబుతాయి. పైనుంచి దిగడంలో ఒక ప్రమాదం ఉంది. మన కాలి కింది రాయి దొర్లితే కింద కూర్చున్నవాళ్ల నెత్తిన పడుతుంది. అందుకే వాగులోకి దిగకుండా దాని పక్కనున్న గట్టు మీదుగా వెళ్లాలని నిర్ణయం. వాళ్లంతట వాళ్లే కిందికి చేరితే అందుకోవడానికి హైవే వైపు ఒక జట్టుని ఉంచారు. తాళ్లతో పనిచేసే మౌంటెన్ రెస్క్యూ జట్టుని అప్పుడే పిలిచారు. కనబడ్డాక పిలుద్దామనుకుంటే ఇంకో రెండు గంటలు పోతాయి.

మూడో మూల దగ్గర లైటు నేలకి ఆనించి పక్కవాటుగా పట్టుకుంటే జారిన గీత, విరిగిన ఫెర్న్ ఆకుల పాలిపోయిన అడుగు భాగం కనిపించాయి. బురదలో ఒక షూ అచ్చు. పొద్దున రాయి మీద కాళ్లు చాపుకుని తీయించుకున్న గ్రూప్ ఫోటోలో బావ షూ అడుగు కనిపిస్తోంది. రెండూ ఒకటే. సెల్ఫీ స్టిక్ వల్ల జరిగిన ఒకే ఒక్క మేలు అది.

రోడ్డు చివర విజిల్ మూడుసార్లు ఊది, ఒక నిమిషం అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు. ఏమీ లేదు. వాగు హోరులో ఏదీ వినబడే స్థితి కాదు. గట్టు మీద యాభై మీటర్లు దిగి మళ్లీ ఊదారు. ఈసారి కింద నుంచి టంగ్ టంగ్ మని లోహం చప్పుడు. బావ స్టీలు సీసాని బండకేసి కొడుతున్నాడు. మొదటి విజిల్ కూడా వాళ్లకి వినబడిందట. గొంతు పోయేలా అరిచారట, మాకు ఒక్క అక్షరం చేరలేదు. మనిషి గొంతు నీళ్ల చప్పుడులో కలిసిపోతుంది. విజిల్, లోహం లాంటి పదునైన శబ్దం దాన్ని చీల్చుకుని వస్తుంది. అప్పుడు టైం ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువ.

అక్కడ వాళ్లు చేసిన మంచి పని

పడ్డ తర్వాత కూడా బావమరిది ఇంకొంచెం దిగుదామనే అన్నాడట, కుంటుకుంటూనైనా. బావ ఒప్పుకోలేదు. "వద్దురా, ఇక్కడే కూర్చో" అని సంచి కింద వేసి అతన్ని దాని మీద కూర్చోబెట్టాడు. తడి హుడీ విప్పించి తన పాలియెస్టర్ జాకెట్ తొడిగాడు. పులిహోర ఇద్దరూ కొంచెం కొంచెంగా తిన్నారు. ఆ రోజు ఆయన తీసుకున్న నిర్ణయాల్లో ఆ అరుగు మీద కదలకుండా ఉండిపోవడం వాళ్లని బతికించింది.

తాడు మీద మొదట దిగినవాళ్లు చూసేసరికి కుర్రాడు గజగజ వణుకుతున్నాడు, మాట తడబడుతోంది. వణుకు ఉండటం నయమే. ఒంటికి ఇంకా వేడి పుట్టించే ఓపిక ఉందని అర్థం. వణుకు ఆగిపోయి మనిషి మత్తుగా అయితే కంగారు పడాలి. పొడిబట్టలు వేసి, కింద చాప, పైన స్లీపింగ్ బ్యాగు, ఛాతీ దగ్గర హీట్ ప్యాక్‌లు, మింగగలుగుతున్నాడని చూసుకుని వేడి వేడి తీపి నీళ్లు. రేడియోలో విషయం తెలిసి వాళ్లక్క "కాళ్లూ చేతులూ బాగా రుద్దమనండి" అంది. మన ఇళ్లలో అదే అలవాటు. చలికి గడ్డకట్టినవాణ్ణి రుద్దకూడదు, వెంటనే నడిపించనూ కూడదు. చేతులూ కాళ్లలోని చల్లటి రక్తం ఒక్కసారిగా గుండెకి చేరితే ఇబ్బంది. కనీసం అరగంట వేడి ఎక్కనిచ్చాకే కదిపారు.

కిందికి దించితే హైవే దగ్గర, కానీ స్ట్రెచర్‌ని జలపాతాల మీదుగా దించాలి. పైకి లాగడం చెమటోడ్చే పని, అయితే దారి తెలిసిందే, ట్రైల్ చేరాక ఒంటి చక్రం స్ట్రెచర్ మీద తోసుకుపోవచ్చు. పైకే లాగారు. పార్కింగ్ చేరేసరికి తెల్లవారుతోంది.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

ట్రైల్ వదలకండి అని చెప్పడం సరే, కానీ జనం వదులుతారు. మూత్రానికని, ఫోటోకని, దగ్గరదారి అని. 2013లో మెయిన్ రాష్ట్రంలో అప్పలాచియన్ ట్రైల్ మీద నడుస్తున్న ఒక పెద్దావిడ కాలకృత్యాలకని పక్కకి వెళ్లి దారి తప్పింది. ఆమె పంపిన మెసేజ్‌లు సిగ్నల్ లేక వెళ్లలేదు. అవశేషాలు దొరికింది రెండేళ్ల తర్వాత, ట్రైల్‌కి రెండు మైళ్ల లోపే. అందుకే నేను హైకింగ్ గ్రూపులతో మాట్లాడేటప్పుడు రెండో మాట మీద ఎక్కువసేపు ఉంటాను. దారి కాదని అనుమానం వచ్చిన క్షణం, ఆఖరిసారి కచ్చితంగా ట్రైల్ మీద ఉన్నామని తెలిసిన చోటికి వెనక్కి వెళ్లాలి, అది ఎక్కడమైనా సరే. వెలుతురు, ఓపిక లేకపోతే ఆగిపోవాలి. ముందుకి మాత్రం పోకూడదు. ఈ కేసులో ఐదూ ఇరవైకి వెనక్కి తిరిగి ఉంటే ఏడున్నరకి పార్కింగ్‌లో టీ తాగుతూ ఉండేవారు.

సామాను విషయం త్వరగా ముగిస్తాను. సియాటెల్‌లోని మౌంటెనీర్స్ క్లబ్బు 1930ల్లోనే వెంట ఉండాల్సిన పది వస్తువుల జాబితా చేసింది, అది ఎక్కడైనా దొరుకుతుంది. అందులో హెడ్‌ల్యాంప్ ఒక్కటి ఉన్నా వీళ్లకి చీకటి తొందర ఉండేది కాదు, తొందర లేకపోతే అడ్డదారీ పట్టేవారు కాదేమో. విజిల్‌ని నేను ఆ జాబితాకి కలుపుకుంటాను.

ఇక ఇంటిదగ్గర ఉండేవాళ్లకి. దారి తప్పానని మీవాళ్లు ఫోన్ చేస్తే ధైర్యం చెప్పడానికి కూడా మాట పొడిగించకండి. "ఫోన్ పెట్టెయ్, 911కి చెయ్, కాల్ వెళ్లకపోతే మెసేజ్ పెట్టు" అనండి. ఈ కౌంటీలో 911కి మెసేజ్ పనిచేస్తుంది. ఐఫోన్ 14 నుంచి సిగ్నల్ లేనిచోట శాటిలైట్ ద్వారా అత్యవసర సందేశం పంపొచ్చు. తర్వాత వెతికేవాళ్లు వచ్చినప్పుడు అడ్డదారి సంగతి మొదటి వాక్యంలో చెప్పండి. మా మూడు గంటలు పోయింది అక్కడే.

కుర్రాడి చీలమండలో చిన్న ఎముక చిట్లి ఆరు వారాల్లో అతుక్కుంది. బావ హెచ్-1బీకి ఏమీ కాలేదు. మూడో మూల దగ్గర ట్రైల్ బాగుచేసే వాలంటీర్లు రెండు పెద్ద మొద్దులు అడ్డంగా పడేశారు. వసంతం వచ్చేసరికి వాటి పక్కనుంచి కొత్త అడ్డదారి పడింది. ఇప్పుడు అక్కడ ముళ్లకొమ్మలు కూడా పరిచి, ఫెర్న్ మొక్కలు నాటుతున్నారు. బోర్డు పెడదామని కొందరంటే, బోర్డు పెడితే అక్కడేదో దారుందని అందరికీ చెప్పినట్టవుతుందని ఇంకొందరి వాదన. అది ఇంకా తేలలేదు.